పాసింజరు బండి దయాదానమా?

(ఏలూరు సభయందు చేసిన ఉపన్యాసము)



రైలు టికెట్టుపై అచ్చువేయబడిన యొక వాక్యమును మీలో ననేకులు చూచియే యుందురు. ప్రయాణమునకగు వ్యయములో సగటున నూటికి 57 వంతులు మాత్రమే తమకు ముట్టుచున్నవని రైల్వేవారు దానిపై తెలుపుచు వచ్చిరి. తక్కిన వంతులు ఎచ్చటివి? బొగ్గు, సిమెంటు, ధాన్యము మోయు సరకుబండ్ల కిరాయినుండి తీసి పాసింజరు నష్టమును పూడ్చుచున్నారు. ఈ లెక్క అబద్ధమని మేమనము. కాని బాకీదారునకు నోటీసు పంపినట్లు దానిని కూలివాని చేతబెట్టుట యెందులకు? రహదారిన నడచువానికి గాని, ఏలూరు కాలువ నీరు వాడుకొను రైతునకు గాని ఇట్టి చీటీ ఎవరైన నిచ్చుచున్నారా?

మన మార్గము మొదటినుండియు ప్రభుత్వ ధనముతో నిర్మింపబడినదే. బెజవాడనుండి కటకమువరకు తూర్పుతీరపు రైలుదారిని 1893-96 సంవత్సరముల నడుమ వేసిరి. 1924లో రైల్వే బడ్జెట్టును సామాన్య బడ్జెట్టునుండి వేరుచేసిరి. 2017లో మరల కలిపిరి. పద్దుపుస్తకము ఒకటైనను రెండైనను, పేదప్రజలకొరకు నడుపు బండి నష్టమును ఖజానా భరింపవలెనను నియమము మాత్రము స్థిరపడలేదు.

దాని ఫలమును మనము 2020 తరువాత అనుభవించితిమి. మహమ్మారికాలమున బండ్లను నిలుపుట న్యాయమే. కాని మరల నడపినపుడు పాసింజరును ఎక్స్‌ప్రెస్సు స్పెషలనిరి. పది రూపాయల కనీసపు ఛార్జీ ముప్పది యయ్యెను. 1974లో మూడవతరగతిని రెండవతరగతి యనిపించినవారికి పేరులు మార్చు నేర్పు కొత్తగాదు! తాడేపల్లిగూడెమునుండి ఏలూరు కోర్టునకు వచ్చు కక్షిదారు, కళాశాలకు వచ్చు పిల్లవాడు, గంపతో నెక్కు స్త్రీ, దాదాపు నాలుగేండ్లు ఈ భారమును మోసిరి. 2024 ఫిబ్రవరిలో పాతఛార్జీ వచ్చినది. 2020 మార్చిలో తొలగించిన వృద్ధుల రాయితీ అప్పటికిని రాలేదు.

ఇది అన్యాయమని న్యాయస్థానమున కేగుదమన్న, వకీలువృత్తిలోనున్న మేము చెప్పవలసిన మాట యొకటి గలదు. 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము అన్యాయపు కిరాయి తనపై వేసిరని సరకువర్తకుడు ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. ఆ చట్టపు 37వ విభాగము ప్రయాణికుల ఛార్జీల నిర్ణయమును ట్రిబ్యునలు అధికారమునుండి తప్పించినది. బస్తాకున్న దారి మనిషికి లేదు. కావున మనకు మిగిలినది శాసనసభ, పార్లమెంటు.

ఇక కొల్లేటిసీమ మాట. సరస్సునకు ఉత్తరమున మన పెద్దదారి. దక్షిణమున 1928లో వేసిన గుడివాడ-భీమవరము దారి. 2022 ఏప్రిలులో ఏలూరు జిల్లా ఏర్పడగా కైకలూరువారికి జిల్లా ముఖ్యపట్టణము ఏలూరైనది. రైలెక్కినచో వారు గుడివాడ, బెజవాడ చుట్టి రావలెను! కొల్లేటికి అడ్డముగా కట్టపోసి పట్టాలు వేయుడని మేమడుగము. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సార్ పట్టికకెక్కిన సరస్సది, ఇప్పటికే చేపలచెరువులచే నలిగినది. అడుగునది వేరు. గుడివాడ-భీమవరము దారి జంటదారియైనది, విద్యుత్తు వచ్చినది. బెజవాడ, గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరము, తణుకు, నిడదవోలు, తాడేపల్లిగూడెము, ఏలూరు, మరల బెజవాడ: పట్టాలు ఈ చుట్టంతయు నున్నవి. మెము బండికి ఇరుకొనల డ్రైవరుగది యుండుటచే నిడదవోలులో దిక్కు మారినను ఇంజను మార్చు పనిలేదు. ఉదయసాయంకాలములందు ఈ చుట్టున బండ్లు కావలెను. వాని నష్టమెంతో ముందుగా లెక్కకట్టి, కేంద్ర రాష్ట్రములు ఎవరెంత భరింతురో వ్రాతమూలకముగా నొప్పుకొనవలెను.

ఇది గొంతెమ్మకోరిక కాదు. జర్మనీలో 1996నుండి కేంద్రమిచ్చు ధనముతో రాష్ట్రములే స్థానికపు బండ్లను ఏర్పాటుచేయించుకొనుచున్నవి. అంతదూర మేల? 2003లో హైదరాబాదున ఎమ్.ఎమ్.టి.ఎస్. బండ్లు మొదలైనపుడు రాష్ట్రప్రభుత్వము వ్యయమున భాగము వహించినది. రాజధానికి తగినది డెల్టాకు తగదా?

రాబోవు బడ్జెట్టులలో ఈ పద్దును చేర్చుమని కోరు మహజరును రెండు ప్రతులుగా వ్రాసితిమి. ఒకటి రాష్ట్రమునకు, ఒకటి కేంద్రమునకు. కాగితములు వాకిటికడ బల్లపై నున్నవి. దినదినము బండియెక్కువారు తమ స్టేషను పేరుతో సంతకము చేయుడు.