మాసాహెబా హయత్ బక్షీ బేగము



చెంగిచెర్ల నుండి దక్షిణముగా మూసీ దాటి పోయినచో హయత్‌నగరము వచ్చును. పూర్వము గోలకొండ నుండి బందరు రేవునకు పోవు బాట ఆ యూరి మీదుగనే సాగెడిది. అచ్చట నొక పాత మసీదు, దాని చుట్టును బాటసారులు బస చేయుటకు గదుల వరుసలు, చేరువలో ఏనుగుబావి యనబడు గొప్ప బావి కలవు. ఆ యూరికి తన పేరిచ్చిన రాణి చరిత్రము ఈ ప్రాంతమువారు తెలిసికొనదగినది.

హయత్ బక్షీ బేగము హైదరాబాదు నగర నిర్మాతయైన మహమ్మద్ కులీ కుతుబ్ షాహు కుమార్తె. ఆయనకు గద్దె నెక్కుటకు కొడుకు లేడు. అందుచే 1607లో ఆమెను తన తమ్ముని కుమారుడగు సుల్తాన్ మహమ్మదున కిచ్చి వివాహము చేసెను. 1612లో ఆ యల్లుడే సుల్తానయ్యెను. మక్కా మసీదునకు పునాది వేయించిన ప్రభువు ఈయనయే.

1626లో భర్త మరణించెను. కుమారుడు అబ్దుల్లాకు అప్పటికి పండ్రెండేండ్లయినను నిండలేదు. సింహాసనముపై బాలుడు కూర్చుండెను. రాచకార్యములు తల్లి చేతిమీదుగా నడచెను. అతడు పెరిగి పెద్దవాడైన పిదపను ఆమె మాట దర్బారులో చెల్లుచునే యుండెను. జనులామెను మాసాహెబా యని పిలిచిరి. మాసాహెబా చెరువే వాడుకలో మాసాబ్ ట్యాంకు అయినది. చెరువు చాలవరకు మాయమైనను పేరు మాత్రము పోలేదు!

ఆమెకు అసలైన పరీక్ష 1656లో వచ్చినది. వజ్రాల వర్తకమున ధనవంతుడై మంత్రిపదవి కెక్కిన మీర్ జుమ్లా సుల్తానుతో చెడి మొగలాయిల పక్షము చేరెను. అతని కుమారుని అబ్దుల్లా చెరలో పెట్టించుటయే సాకుగా, దక్కను సుబేదారుగా నున్న ఔరంగజేబు దండెత్తెను. ఆతని పెద్దకుమారుడు మహమ్మద్ సుల్తాను ముందుగా వచ్చి హైదరాబాదును పట్టుకొనెను. నగరము దోపిడి పాలయ్యెను. అబ్దుల్లా గోలకొండ కోటలో దాగెను.

అట్టి సమయమున కోట వెడలి శత్రువు శిబిరమునకు పోయినది ఆ వృద్ధమాత. కుమారుని ప్రాణమును, రాజ్యమును నిలుపుమని ఔరంగజేబునే స్వయముగా వేడెను. సంధి కుదిరెను గాని దాని వెల తక్కువది కాదు. కోటి రూపాయలు చెల్లించుటకును, అబ్దుల్లా రెండవ కుమార్తెను మహమ్మద్ సుల్తానున కిచ్చుటకును ఒప్పుకొనవలసి వచ్చినది. ఢిల్లీ నుండి షాజహాను ఆజ్ఞ కూడ రాగా ముట్టడి ఎత్తివేయబడెను.

రాజ్యము కొరకు మనుమరాలిని శత్రువు నింటికి పంపుట నేటివారికి కఠినముగా తోచును. ఆ పెండ్లి వలన ఆ యింటికి కలిగిన మేలును లేదు. ఆ మనుమరాలి భర్త తరువాత తండ్రి యాగ్రహమునకు గురియై చెరసాలలోనే మరణించెను. అబ్దుల్లాకును కొడుకులు లేనందున 1672లో మూడవ యల్లుడు అబుల్ హసను, అనగా తానాషా, గద్దె నెక్కెను. 1687లో ఔరంగజేబు మరల వచ్చి గోలకొండను గెలుచుకొనెను.

ఆ పతనమును మాసాహెబా చూడలేదు. ఆమె 1667లోనే గతించెను. గోలకొండ చెంత కుతుబ్ షాహీ సమాధులలో, సుల్తానుల గుమ్మటములకు తీసిపోని గుమ్మటము క్రింద ఆమె సమాధి నేటికిని ఉన్నది.