మేడమీది వేణ్ణీళ్ళు



సర్వీసంతా ఫైళ్ళకు నోట్ పెట్టిన గుమాస్తాను. యంత్రాల గురించి చెప్పేటంతవాణ్ణి కాను. కార్యదర్శిగారు అడిగారు కనుక, మా మూడిళ్ళలో సోలార్ వాటర్ హీటర్లు పెట్టించిన అనుభవం మనవి చేస్తాను. ఒకటి తెనాలిలో మా ఇల్లు, రెండోది రేపల్లెలో మా చెల్లెలిది, మూడోది బాపట్లలో మా పెద్దబ్బాయిది.

ఒక కార్తీకమాసం తెల్లవారుజామున మా ఇంటావిడ పొయ్యి మీది వేణ్ణీళ్ళ గిన్నె దించి స్నానాలగదికి మోసుకెళ్తూ గడప దగ్గర జారిపడింది. కాలు బొబ్బలెక్కింది, నడుం పట్టేసింది. ఆరు వారాలు మంచం మీదే ఉంది. ఇంట్లో గీజరు లేదా అంటారేమో. ఉంది. బిల్లుకు భయపడి నేనే స్విచ్ వేయనిచ్చేవాణ్ణి కాదు. ఆ తరువాతే సోలార్ మాట ఎత్తాను.

చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కరెంటు తయారుచేసే పలకలకే. నీళ్ళు కాచే హీటరుకు వర్తించదు. రెండూ మేడమీదే ఉంటాయి గాని పని వేరు. హీటరు మాత్రం చిన్నదేమీ కాదు. 100 లీటర్ల నీళ్ళను 30 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 3.5 యూనిట్ల కరెంటు కావాలి. అంత పనీ ఎండే చేస్తుంది. నలుగురున్న ఇంటికి ఆ 100 లీటర్లు చాలు.

దీనికి మోటారు అక్కర్లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, చన్నీరు కిందికి దిగుతుంది. అందుకే వేణ్ణీళ్ళ ట్యాంకు పలకల కంటే ఎత్తున ఉండాలి, చన్నీళ్ళ ట్యాంకు దానికంటే ఎత్తున ఉండాలి. మా ఇంట్లో ఈ లెక్క తప్పింది. సామాను దింపాక చూస్తే మా పాత ట్యాంకు కిందికి ఉంది. ఇటుకలతో దిమ్మె కట్టించి దాన్ని పైకెత్తాల్సి వచ్చింది. పలకలు దక్షిణం వైపు తిప్పాలి, కొబ్బరిచెట్ల నీడ పడకూడదు. పక్కన అపార్టుమెంటు లేచేటట్లుంటే అదీ చూసుకోవాలి.

అసలు దెబ్బ రేపల్లెలో తగిలింది. ఎండ సంగతి అందరం చూశాం, నీళ్ళ సంగతి ఎవరం చూడలేదు. అక్కడ బోరు నీళ్ళు ఉప్పన. సన్నటి రాగి గొట్టాలున్న పలకల రకం పెట్టించాం. మూడో చలికాలానికి నీళ్ళు గోరువెచ్చన కూడా రావడం లేదు. విప్పితే లోపల తెల్లగా సున్నం గట్టకట్టి ఉంది. అమ్మినవాడు మీ నీళ్ళెలాంటివని అడగలేదు, మేమూ చెప్పలేదు. తరువాత వెడల్పు గాజు గొట్టాల రకం, లోపల పూత ఉన్న ట్యాంకు వేయించాం. ఏడాదికోసారి ట్యాంకు అడుగున చేరిన మడ్డి వదిలేస్తున్నాం. కాలువ నీరు వాడే మా తెనాలి ఇంట్లో ఈ బెడద ఇంతవరకు రాలేదు.

బాపట్లది ఇంకో తమాషా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను అక్కడే తీరం దాటింది కదా. 1977 ఉప్పెన చూసినవాళ్ళం, ఆ రాత్రి నిద్రపోలేదు. స్టాండును స్లాబులోకి బోల్టులతో బిగించి ఉండబట్టి హీటరు కదలలేదు. కాని కరెంటు లేక ట్యాంకు ఎండిపోయింది. ఎండ వచ్చాక, మిట్టమధ్యాహ్నం మావాడు మోటారు వేశాడు. ఖాళీగా కాగి ఉన్న గాజులోకి చన్నీళ్ళు పోయేసరికి నాలుగు గొట్టాలు ఫట్ ఫట్మని పగిలాయి. తుపాను వదిలిన వాటిని మేమే పగలగొట్టుకున్నాం! ట్యాంకు ఎండితే పొద్దువాలాకగాని, తెల్లవారకముందుగాని నింపండి.

ఇక వేసవిలో నీళ్ళు 70 డిగ్రీలు దాటుతాయి. మన వయసులో చర్మం పలచబడుతుంది. ముందు చన్నీళ్ళ కుళాయి, ఆ తరువాతే వేడిది తిప్పండి. ముసురు రోజులకు ట్యాంకులో చిన్న హీటింగ్ కాయిల్ వేయించుకోండి. మా ఇంట్లో ఆ స్విచ్ ఇప్పుడు మా ఇంటావిడ చేతిలోనే ఉంది.

ఎవరైనా చూడదలచుకుంటే ఉదయం ఆరు తరువాత మా ఇంటికి రండి, మేడెక్కి చూపిస్తాను.