రివాల్వరునకు తగిన ఒర

(బట్లహళ్ళిలో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై భాషను గూర్చియో, బడులను గూర్చియో మాటలాడుట మన వాడుక. నేడు తుపాకి ఒరను గూర్చి చెప్పబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. పట్టుగూళ్ళ సంతకో, టమాటా మండికో పోయి రొక్కముతో రాత్రివేళ మరలివచ్చు మనవారిలో కొందరు ఆత్మరక్షణకై అనుజ్ఞాపత్రము పొంది రివాల్వరు కొనియున్నారు. కొనుటకు ముందు నెలల తరబడి విచారించినవారే, దానిని దేనిలో పెట్టుకొని నడువవలెనను విషయమున అరగంటయైనను ఆలోచింపరు. ఆ అరగంట కొరకే నా ప్రసంగము.

మా బంధువొకరి సంగతి చెప్పెదను. పెద్దవారు, పంచకట్టు మానినవారు కారు. పూర్వులు రూకలను రొంటిని దోపుకొన్నట్లే ఆయన రివాల్వరును రొంటిని దోపుకొని చింతామణికి పోయిరి. బస్సు దిగునప్పుడు పంచ సడలి ఆయుధము రాతిగచ్చుపై పడినది. దైవవశమున తూటా పేలలేదు. కాని ప్రక్కనే పసిబిడ్డ నెత్తుకొని యొక తల్లి నిలిచియుండెను. ఆమె ముఖము నేటికిని కన్నులయెదుట కదలుచున్నదని ఆయన చెప్పుచుందురు.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1959 నాటి ఆయుధ చట్టము క్రింద 2016లో చేసిన నియమముల ప్రకారము, చేతితుపాకిని బహిరంగస్థలములకు గొనిపోవువారు దానికై చేసిన ఒరలో నుంచి ఒంటికి తగిలించుకొనవలెను. లేదా వీపుసంచి వంటి దానిలో నుంచుకొనవలెను. ఆయుధము పూర్తిగా కప్పబడియుండవలెను. ధరించినవాని అదుపులో నుండవలెను. మనవారు చాటునే చూచి అదుపును మరతురు. మన రాష్ట్రముననే కొడగుసీమలో కొడవలకును, జమ్మా భూములవారికిని అనుజ్ఞాపత్రము లేకయే ఆయుధము నుంచుకొను మినహాయింపు 2029 వరకు కలదు. అది మనకును చెల్లునని తలచువారు లేకపోలేదు, మనకు చెల్లదు.

ఇక ఒర మాట. కత్తి ఒర పదునును కప్పును. తుపాకికి పదును గొట్టపు కొనలో లేదు, ట్రిగ్గరులో నున్నది. కావున ట్రిగ్గరును, దాని చుట్టునున్న కమ్మియు పూర్తిగా మూసుకొనుచున్నవా యని మొదట చూడుడు. తూటాలన్నియు తీసి, లెక్కపెట్టి, వట్టి ఆయుధమును ఒరలో నుంచి పైనుండి వ్రేలితో నొక్కుడు. లోని ట్రిగ్గరు కదలినచో ఆ ఒర పనికిరాదు. పిమ్మట పరుపుపైన తలక్రిందుగా పట్టి విదుపుడు. ఆయుధము జారినచో అదియును పనికిరాదు. మరియొకటి, ఒర నోరు. ఆయుధము తీసినంతనే నోరు మూసికొనిపోవు మెత్తని ఒరలు చవుకగా దొరకును. తిరిగి పెట్టుటకు రెండవ చేతితో నోరు తెరువవలెను. అప్పుడు గొట్టము ఎదుట నుండునది ఆ చేయియే. పెట్టునప్పుడు చూచి పెట్టవలెను. జుబ్బా అంచు లోన చిక్కుకొన్నచో అదియే వ్రేలి పని చేయును.

ఒర ఆ ఆయుధపు కొలతకే చేసినదై యుండవలెను. కాన్పూరు కర్మాగారమువారు 2014లో వెలువరించిన ‘నిర్భీక్’ అర్ధకిలో బరువుగల .32 రివాల్వరు, దాని ఒరలో పిస్తోలు కుదురుగా నిలువదు. అన్నిటికిని సరిపోవునని చెప్పి అమ్ము సంచులను నేను కొనను.

తోలా, ప్లాస్టికా యని అడుగుదురు. తంగేడు చెక్కతో శుద్ధిచేసిన దళసరి తోలు ఒంటికి హాయి, చప్పుడు చేయదు. కాని మన వేసవి చెమటకు నాని మెత్తబడును. మెత్తబడిన అంచు లోనికి మడతపడి, ఆయుధము దూర్చునప్పుడు ట్రిగ్గరునే నొక్కిన ప్రమాదములు అన్యదేశములలో జరిగినవి. గట్టి ప్లాస్టికు చెమటకు ఆకారము మార్చుకొనదు; ఒంటికి మాత్రము ఒరసికొనును. నా మతమున, పాతబడినంతనే పారవేయగలవారికి తోలు, పారవేయుటకు మనసొప్పనివారికి ప్లాస్టికు. (నేను రెండవ కోవకు చెందినవాడను.)

ఎంత మంచి ఒరయైనను గట్టి తోలుబెల్టు లేనిదే నిలువదు. పంచకట్టువారికిని ఇది తప్పదు. వ్రేలాడు ఒర జుబ్బాను పొడుచుకొని బయటపడును. కుడిచేతివారికి కుడి తుంటికి కొంచెము వెనుక మేలు. బస్సులో కూర్చున్నప్పుడు గ్రుచ్చుకొనును గనుక ఇంటనే కూర్చుండి, వంగి, లేచి చూచుకొనుడు. వెన్నెముకపై మాత్రము ధరింపవలదు. మోటారుసైకిలు నుండి వెల్లకిల పడినచో ఎముకకు ఇనుము తగులును.

చీరకట్టుపై బెల్టు కుదరదని సోదరీమణు లన్నారు. నిజమే. చేతిసంచియైనచో దానిలో వేరుగా నొక అర, ఆ అరలో ఒర యుండవలెను. తాళపుచెవులు, నాణెములు దానితో కలియరాదు. పెండ్లిపందిట సంచిని కుర్చీపై నుంచి వధూవరులకు అక్షతలు వేయ లేచినంతనే అదుపు తప్పినది. ఆ పందిట పిల్లలెందరుందురో మీకు తెలియును. సంచిని భుజమునుండి దింపనివారికే ఈ పద్ధతి తగును.

ఇల్లు చేరినపిదప ఆయుధమును ఒరనుండి తీసి, తూటాలు వేరుచేసి, వేర్వేరు తాళములలో నుంచుడు. తోలు ఒరలోనే వదలినచో తేమకు తుప్పుపట్టును. ఎన్నికలవేళ అధికారుల యుత్తరువు వచ్చినచో ఆయుధమును ఠాణాలో అప్పగింపవలెను గదా. ఒర మనయింటనే యుండును. కుట్లు సడలినవేమో చూచుకొనుటకు అదియే అదను.

మా బంధువుగారు ఆ పిదప కొన్న ఒర నా సంచిలో నున్నది. ఆయుధము లేదు, భయపడకుడు. సభ ముగిసినపిదప చూడగోరువారు నా యొద్దకు రావచ్చును.