ఫాస్ఫేటు వేషము వేయు పదార్థములు

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



పళవేర్కాటి సరస్సులో గడ వేసి పడవ నడపువారి భుజమునకు బలమెక్కడిది? తిన్న అన్నము నేరుగా కండరమును కదలింపజాలదు. అన్నమునుండి వచ్చిన శక్తితో శరీరము ఎ.టి.పి. అను పదార్థమును సిద్ధము చేసికొనును. ఇందు మూడు ఫాస్ఫేటులు వరుసగా కూర్చబడియుండును. కండరమందలి మయోసిన్ అను ప్రోటీను ఎ.టి.పి.ని పట్టుకొని, కొస ఫాస్ఫేటును త్రెంచి, దానిని విడిచినపుడే బలముగా లాగును.

ఈ ఎ.టి.పి.ని కనుగొన్నవారిలో మన తెలుగువారొకరు గలరు. 1895లో భీమవరమున జన్మించి, చెన్నపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్కేగారితో కలిసి, నీలిరంగు గాఢతనుబట్టి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ కొలతయే దారి చూపగా 1929లో కండరమునందు ఎ.టి.పి.ని కనుగొనిరి. అదే యేట జర్మనీలో లోమన్ గారును దానిని వేరుగా కనుగొనిరి.

ఫాస్ఫేటును పోలిన పదార్థములును గలవు. వెనేడియము ఆమ్లజనితో కూడిన వెనేడేటు అట్టిది. కణమునుండి సోడియమును వెలికి తోడు ప్రోటీను, కండరమునుండి తీసిన ఎ.టి.పి.తో చేసిన ప్రయోగములలో మందగించుచుండెను. అందు కల్తీగా చేరిన వెనేడేటే కారణమని 1977లో తేలినది. ఫాస్ఫేటు తెగు క్షణమున భాస్వరము చుట్టును అయిదు ఆమ్లజని పరమాణువులుండును. ఆ క్షణికరూపమును వెనేడేటు నిలుకడగా దాల్చి, గూటిలో తిష్ఠ వేయును. మయోసిన్ సైతము దానికి చిక్కి పని మానును.

అల్యూమినియము ఫ్లోరైడుతో కూడినను ఇట్టి వేషమే వేయును. కాని కణములలో వార్తలందించు జి-ప్రోటీనులను అది ఆపదు, మేల్కొల్పును. ఇందుకు అల్యూమినియము కావలెనని 1982లో గిల్మన్, స్టర్న్‌వైస్ అనువారు చూపిరి. అది వారి గాజుగొట్టములనుండియే దిగుచుండెనట! నేడు శాస్త్రజ్ఞులు ఈ నకిలీలతోనే ప్రోటీనులను నడిమధ్య నిలిపి, కంటికందని ఆ క్షణపు రూపమును ఎక్స్-కిరణములతో చూచుచున్నారు.

పోలిక యున్నంత మాత్రమున పని జరుగదు. చదువును అట్టిదే. అర్థము తెలియక వల్లెవేసిన పాఠము గూటిలో కూర్చుండునే గాని బిడ్డను ముందునకు నడపదు. తమిళమును, ఆంగ్లమును మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. కాని శాస్త్రము తొలుత ఇంటిమాటలో బోధపడవలెనని మా ప్రార్థన. నేటి రాత్రి మీ బిడ్డను పిలిచి, తాను చదివిన పాఠమొకటి తెలుగున చెప్పుమనుడు. పుస్తకము చూడక, తన మాటలలో చెప్పగలిగిన గ్రహించినట్లే. చెప్పలేకున్న మరునాడు మాయొద్దకు పంపుడు; మరల చెప్పెదము.