తుపాకి లైసెన్సూ, ఆత్మరక్షణ హక్కూ
(చిత్తూరు, తిరుపతి జిల్లాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హింస కేసులు చర్చకొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "ఆడవాళ్లకు తుపాకి లైసెన్సులు ఇమ్మని మనం ఎందుకు అడగకూడదు?" కోపంలోంచి వచ్చే ప్రశ్న ఇది. కొట్టిపారేయకుండా, చట్టాన్నీ మన ఇళ్ల పరిస్థితినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోలీసు నివేదిక చూసి ఇవ్వడమో నిరాకరించడమో కలెక్టరు తేలుస్తాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక తిరుపతికీ చిత్తూరుకూ వేరువేరు కలెక్టర్లు. 2016 నిబంధనలు ఆయుధ భద్రతలో శిక్షణ కూడా కావాలంటాయి. ఇంట్లో తుపాకిని తూటాలు తీసి, తాళం వేసి, తూటాలు వేరేచోట దాచి ఉంచాలన్నది భద్రతలో మొదటి పాఠం. అలా ఉంచితే అర్ధరాత్రి మీద పడ్డవాణ్ణి అది ఆపలేదు. అలా ఉంచకపోతే పిల్లల ప్రాణాలకే ముప్పు. పైగా బీరువా తాళాలు ఎవరి దగ్గరుంటాయో మనకు తెలియనిది కాదు.

చిత్తూరు మేయరు కఠారి అనురాధను 2015 నవంబరు 17న నగరపాలక కార్యాలయంలో, ఆమె గదిలోనే కాల్చి చంపారు. భర్త మోహన్‌నూ చంపారు. 2025 అక్టోబరులో కోర్టు అయిదుగురికి మరణశిక్ష వేసింది. వారిలో ప్రధాన ముద్దాయి మోహన్ మేనల్లుడే. పదవీ అధికారమూ ఉన్న స్త్రీ దగ్గరికి తుపాకి ఆమె సొంత బంధువర్గం నుంచే వచ్చింది. మన దగ్గరికొచ్చే స్త్రీలకు కూడా ప్రమాదం ఎక్కువగా తెలిసినవాళ్ల నుంచే.

అయితే ఆత్మరక్షణ హక్కుకు ఏ లైసెన్సూ అక్కర్లేదు. అది రోకలి పట్టిన చేతికీ ఉంది, కొడవలి పట్టిన చేతికీ ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దీని గురించే. మనల్నే కాదు, పక్కింటి స్త్రీని కాపాడడానికీ ఈ హక్కు వర్తిస్తుంది. చావు భయం, తీవ్ర గాయం భయం, అత్యాచార యత్నం, అపహరణ, యాసిడ్ దాడి వంటివి ఎదురైతే ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాదని 38వ సెక్షన్ చెబుతుంది. దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు. సహేతుకమైన భయం కలిగిన క్షణం నుంచే హక్కు మొదలవుతుంది. ఆ భయం పోగానే ముగుస్తుంది. అవసరానికి మించి కొట్టకూడదు.

ఇక్కడే రెండు చిక్కులున్నాయి. భార్యపై భర్త బలాత్కారాన్ని చట్టం అత్యాచారంగా గుర్తించదు. కాబట్టి అత్యాచారం పేరు మీద దొరికే రక్షణ ఆమెకు దొరకదు, ప్రాణభయమో తీవ్ర గాయం భయమో చూపించాలి. రెండోది, చట్టం ఆ ఒక్క రాత్రిని చూస్తుంది. పదేళ్లు తన్నులు తిని, వాడు నిద్రపోయాక ఎదురు తిరిగిన స్త్రీ "అప్పుడు ప్రమాదం లేదు కదా" అన్న ప్రశ్న ముందు నిలబడాలి. ఈ చట్టం మగవాళ్ల కొట్లాటలను దృష్టిలో పెట్టుకుని రాసింది. దాన్ని మార్చమని అడగడం మన పని.

అంతవరకు చేయగలిగినవి కొన్ని చెబుతాను. ప్రతి గృహహింస కేసులోనూ, వాడి దగ్గర లైసెన్సు తుపాకి గానీ నాటు తుపాకి గానీ ఉందా అని అడగండి. సంఘటన నివేదికలో రాయించండి. లైసెన్సు ఉంటే, 17వ సెక్షన్ కింద సస్పెండు చేయమనో రద్దు చేయమనో కలెక్టరుకు అర్జీ పెట్టండి. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించి అరెస్టయినవాడికి బెయిలిచ్చేటప్పుడు, ఆయుధం దగ్గర ఉంచుకోకూడదని షరతు పెట్టే అధికారం కోర్టుకుంది. 2006 గృహహింస నిబంధనల్లో 15వది చూడండి.

ఎదురు తిరిగిన స్త్రీ మన దగ్గరికొస్తే ముందు ఆమె గాయాలను డాక్టరు చేత రాయించండి. ఎందుకు భయపడిందో మొదటి వాంగ్మూలంలోనే రావాలి. ఆత్మరక్షణ అని చూపించవలసింది ఆమే అయినా, అనుమానానికి తావులేకుండా నిరూపించనక్కర్లేదు. జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. 1987 చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది.

తుపాకులు మన చేతికి రావాలా అన్న చర్చకన్నా ముందు, మనల్ని కొట్టేవాళ్ల చేతుల్లోంచి అవి పోవాలి. మీ మండలాల్లో ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలో ఇప్పుడు మాట్లాడుకుందాం.