పేరు మరచిన నారును గుర్తించడం



పెరట్లోనో మేడమీది కుండీల్లోనో నాలుగైదు రకాల విత్తనాలు చల్లుతాం. ఏది ఎక్కడ వేశామో వారం తిరిగేసరికి మరచిపోతాం. అప్పుడు మొలకను చూసి మొక్క పేరు చెప్పగలమా? చాలావరకు చెప్పగలం. ఎలాగో ఈనాటి పాఠంలో తెలుసుకుందాం.

మొదట కాలాన్ని చూడాలి. ఢిల్లీ ప్రాంతంలో సొర, బీర, దోస, బెండ విత్తనాలను ఫిబ్రవరి చివర, మార్చి నెలల్లో వేస్తారు. వానలు మొదలయ్యే జూన్, జూలైలలో మళ్లీ వేస్తారు. ముల్లంగి, పాలకూర, మెంతి శీతకాలపు పంటలు. అక్టోబరులో వేసిన మడిలో మొలక వస్తే, ముందుగా వీటినే అనుమానించాలి.

తరువాత బీజదళాలను చూడాలి. మొలకతో మొదట పైకి వచ్చే రెండు దళాలూ ఇవే. ఇవి సాధారణంగా మొక్క కుటుంబాన్ని మాత్రమే తెలుపుతాయి. దళసరిగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటే సొర, దోస, గుమ్మడి వర్గం. చివర నొక్కుతో హృదయాకారంలో ఉంటే ఆవ, ముల్లంగి, క్యాబేజీ వర్గం. సన్నగా, మొన తేలి ఉంటే టమాటా, మిరప వర్గం కావచ్చు.

ఆ పైన వచ్చేవి అసలు ఆకులు. మొక్క పేరు చెప్పేవి ఇవే. టమాటా ఆకు చీలికలతో ఉంటుంది. నలిపితే ఘాటైన వాసన. మిరపాకు నున్నగా, వంగాకు నూగుతో ఉంటుంది. ముల్లంగి ఆకు గరుకు. క్యాబేజీ ఆకు మీద మైనపు పూత వల్ల నీటిచుక్క జారిపోతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారులను మాత్రం ఈ దశలో వేరుచేయడం కష్టం. ఓపిక పట్టాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. తెలియని మొలకను రుచి చూసి గుర్తించబోకండి. ఉమ్మెత్త కూడా వంగ, టమాటాల కుటుంబానిదే. లేత మొక్కను చూసి పొరబడవచ్చు. అది విషపు మొక్క.

వంటింటి చెత్త వేసిన ఎరువులోంచి తనంత తానే మొలిచిన సొరపాదు విషయంలోనూ జాగ్రత్త అవసరం. పరపరాగ సంపర్కం జరిగిన విత్తనం తల్లి గుణాన్నే ఇస్తుందన్న నమ్మకం లేదు. కాయ చేదుగా రావచ్చు. ఆ చేదుకు కారణం కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగిన ఒక శాస్త్రవేత్త మరణించారు. ఆ తరువాత భారత వైద్య పరిశోధనా మండలి నిపుణులతో ఈ విషయాన్ని పరిశీలింపజేసింది. చేదు తగిలిన సొరకాయను తినకూడదు, రసం తాగకూడదు. ఆకు చూసి సొర అని చెప్పగలం గాని, కాయ చేదో కాదో చెప్పలేం.

కాబట్టి కాలం, బీజదళం, ఆకు, పువ్వు, కాయ అన్న వరుసలో ఒక్కొక్కటే చూస్తూ నిర్ణయానికి రండి. ఈసారి విత్తనాలు వేసినప్పుడు ప్రతి కుండీకి పేరు, తేదీ రాసిన చీటీ కట్టండి. మూడు రోజులకొకసారి మొలక బొమ్మను నోటుపుస్తకంలో గీయండి. వచ్చే ఏడు చీటీ ఊడిపోయినా ఆ బొమ్మలే మీకు దారి చూపుతాయి.