కడుపు మంటకు కారం ఒక్కటే కారణమా?



మా రాజోలు వైపు కడుపులో మంటగా ఉందంటే పెద్దవాళ్లు వెంటనే, "ఆవకాయ ఎక్కువైందమ్మా, కాసిని మజ్జిగ తాగు" అంటారు. మజ్జిగతో తగ్గితే సంతోషమే. కాని నెలల తరబడి మంట, పుల్లత్రేన్పులు, పొట్ట పైభాగాన నొప్పి వదలకపోతే, తప్పంతా ఆవకాయ మీద వేసి ఊరుకోకండి.

తిన్న అన్నం అరగడానికి మన కడుపులో ఘాటైన ఆమ్లం ఊరుతుంది. అది కడుపునే కాల్చకుండా లోపలి గోడ మీద జిగురుపూత ఉంటుంది. ఆ గోడలోని కణాలే ఆ జిగురును తయారుచేస్తాయి. మట్టి అరుగుకు అలుకు పోతే వానకు మట్టి కరిగిపోదూ? అలాగే జిగురు పలచబడితే ఆమ్లం తగిలి గోడ పుండు పడుతుంది.

అంత ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే డాక్టర్లు 1982లో కడుపులోని ఒక క్రిమిని బయట పెంచి చూపించారు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. లోకం నమ్మలేదు. 1984లో మార్షల్ గారు ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగేశారు! కొద్దిరోజులకే వాంతులు పట్టుకున్నాయి, పరీక్షిస్తే కడుపుపొర వాచి ఉంది. వారిద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ క్రిమి తన చుట్టూ అమోనియా తయారుచేసుకుని ఆమ్లాన్ని విరిచేస్తుంది. జిగురులో దూరి, తన విషాలతో కణాలను దెబ్బతీస్తుంది. ఇది ఉన్నవారిలో చాలామందికి ఏ బాధా ఉండదు, కనుక కంగారు పడకండి. కొందరికి పుండ్లు పడతాయి. బహుకొద్దిమందికి ఏళ్లు గడిచాక క్యాన్సర్ కూడా రావచ్చు.

క్రిమి ఉందో లేదో ఊదించి చూసే పరీక్ష, మలపరీక్ష, ఎండోస్కోపీ చెబుతాయి. ఉంటే ఆమ్లం తగ్గించే మందుతో పాటు మరి రెండు మూడు మందులు కలిపి, మామూలుగా 14 రోజులు ఇస్తారు. నాలుగోరోజుకే హాయిగా ఉందని మానేస్తే క్రిమి చావదు సరికదా, ఆ మందులకు లొంగకుండా తయారవుతుంది. కోర్సు ముగిసి నెల దాటాక, క్రిమి పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

మోకాళ్ల నొప్పులకని షాపులో అడిగి కొనుక్కునే బిళ్లలు కూడా ఈ పొరను పాడుచేస్తాయి. క్రిమీ, ఆ బిళ్లలూ తోడైతే ప్రమాదం మరీ ఎక్కువ. అయితే డాక్టరు రాసిన గుండెమందును మాత్రం సొంతంగా ఆపకండి.

ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. మనం నమిలిన ముద్ద పసివాళ్ల నోట్లో పెట్టే అలవాటు మానాలి. దొడ్డికి వెళ్లొచ్చాకా, వంటకు ముందూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గన్నవరం అక్విడక్టు దాటి మా లంకకు వచ్చే కాలవ నీళ్లయినా, పట్నంలో మీ కొళాయి నీళ్లయినా, కాచి తాగడమే మేలు.

విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో రక్తం పడినా, పండగ వెళ్లాక చూద్దాం అనకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అందరికీ వడ్డించి ఆఖర్న తినే మనం, కడుపునొప్పిని కూడా ఆఖరి పనిగానే పెట్టుకుంటాం. ఈ వారం ఆ పని ముందు చూసుకోండి.

సెలవు.